రాగికి తండ్రి పేరు

1949. మిరుగు కార్తె పెట్టిన అయిదో దినం, ఆదివారం. ఉన్నవాళ్లు: నాయన, మైబు మామ, కోదాడ పటేలు, మిర్యాలగూడ సేటు పంపిన గుమాస్తా. తలుపు ఇవతల అమ్మ, నేను. తబేలాలో మోతీ, దాని పిల్ల.

నోటుబుక్కులో ఆ రోజు కింద ఇంతే ఉంది. ఏం జరిగిందో రాయలేదు. అప్పుడు నాకు పదమూడేళ్లు. అప్పటికే రోజూ ఏదో ఒకటి రాసే అలవాటు పడ్డదాన్ని. వాన పడితే వాన పడిందని, పాలు విరిగితే విరిగాయని రాసేదాన్ని. అంత రాసే పిల్ల ఆ రోజు పేర్లు మాత్రం రాసి పెన్సిల్ ఎందుకు పెట్టేసిందో నాకు తెలుసు. ఇన్నేళ్లలో దాని గురించి ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం జానీబేగం రాకపోయి ఉంటే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదేమో.

జానీ మైబు మామ బిడ్డ. నాకంటే రెండేళ్లు చిన్నది. మిర్యాలగూడలో బస్సెక్కి, సూర్యాపేటలో దిగి, నలుగురిని అడుగుతూ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మోకాళ్లు నొప్పులట, గడప దాటడానికి నా చెయ్యి పట్టుకుంది. కూర్చున్నాక చాలాసేపు ఇల్లంతా చూసింది. వెనక తబేలా ఉన్నచోట ఇప్పుడు మా తమ్ముడి కొడుకు సిమెంటు దుకాణం గోడౌను ఉంది. "గుర్రాల వాసన లేదక్కా," అంది. తరువాత మంచినీళ్లు తాగి, గ్లాసు ఒళ్లో పెట్టుకుని, అడగడానికే ఇంత దూరం వచ్చిన మాట అడిగింది. "మా అబ్బ ఆ దినం తప్పు చేసిండా? నీకు తెలిసి ఉంటది. నువ్వు రాస్తుంటివి గద."

మా నాయన లింగం మూడు జట్కాలు నడిపేవాడు. సూర్యాపేట నుంచి కోదాడకు, మిర్యాలగూడకు మనుషులను, పెళ్లివాళ్లను, దవాఖానకు పోయేవాళ్లను చేరవేసేవాడు. అందరిలాగా గుర్రాలు కొనుక్కొచ్చి నడపడం కాకుండా, సొంతంగా పిల్లలను పుట్టించి సాకి అమ్మడం ఆయన సరదా. తబేలా వంటింటికి ఆనుకునే ఉండేది. మధ్యలో మట్టిగోడ ఒక్కటే. పొద్దున కళ్లు తెరిచేసరికి ఉలవలు ఉడికే వాసన, దానివెంట పచ్చిగడ్డి వాసన, పేడ వాసన, తోలుపట్టీలకు రాసే నూనె వాసన. ఉలవలు గుర్రాలకు, ఆ నీళ్లతో కాచిన చారు మాకు. ఒకే కుండ. ఇప్పుడు ఉలవచారు పెళ్లిళ్లలో ప్రత్యేకంగా పెడుతున్నారు. నేను ముద్ద కలుపుకుని పక్కన పెట్టేస్తాను.

గుర్రాలన్నీ మైబు మామ చేతిలో ఉండేవి. అసలు పేరు మహబూబ్. మా వాడలో ఎవరికీ నోరు తిరగక మైబు అయ్యాడు. నాయనను బావా అనేవాడు, అమ్మ అతన్ని తమ్ముడా అనేది. చీకటితోనే వచ్చి ముందు మా ఆడగుర్రం మోతీకి సలాం చేసేవాడు, మనుషులకు తరువాత. ఇనుప పళ్ల ఖరారాతో దాని ఒళ్లంతా దువ్వి, చివరికి తన అరచేత్తో ఒకసారి మెడ నుంచి తోక దాకా తుడిచేవాడు. అప్పుడు గానీ పని అయినట్టు కాదు. తరువాత వచ్చి వంటింటి మెట్టు మీద కూర్చుంటే అమ్మ చాయ్ పోసేది. అతని గ్లాసు బయటిగోడ గూట్లో వేరుగా ఉండేది. తాగి, తనే కడిగి, మళ్లీ గూట్లో పెట్టేవాడు. తమ్ముడా అనే పిలుపు, వేరే గ్లాసు, రెండూ ఒకే ఇంట్లో ఉండేవి. అందులో వింత ఉందని నాకు అప్పుడు తోచలేదు.

గుర్రాల రంగుల పేర్లు నాకు నేర్పింది అతనే. ఒళ్లు ఎర్రటి గోధుమరంగులో ఉండి, జూలు, తోక, కాళ్లు నల్లగా ఉంటే కుమైత్. ఒళ్లూ జూలూ తోకా అన్నీ రాగిరంగులో ఉంటే, ఎక్కడా నలుపు లేకపోతే సురంగ్. మా ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పక్కింట్లో కిరాయికి ఉన్న బడిపంతులుగారి భార్య నేర్పింది. అది చూసి మైబు మామ నాయనతో చెప్పి నాకొక నోటుబుక్కు తెప్పించాడు. అందులో గళ్లు గీసుకున్నాను. పిల్ల, పుట్టిన దినం, రంగు, తల్లి, తండ్రి, తల్లికి తల్లి, తండ్రికి తల్లి. "ఇంకో గడి గియ్యి," అన్నాడు మైబు మామ. "ఎవలు సూసిర్రు అని. గుర్రాల కాడ అబద్ధాలు మస్తుంటయ్ బిడ్డా. సూసినోడి పేరు లేకుంటే ఆ రాత దండుగ." ఆ గడి గీసుకున్నాను. అప్పటినుంచి ఏది రాసినా పైన దినం, కింద ఉన్నవాళ్ల పేర్లు. బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

మోతీ కుమైత్. అది మొదటిసారి ఈనినప్పుడు పుట్టిన మగపిల్ల కూడా కుమైతే. దాన్ని మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న సేటు కొనుక్కుని బగ్గీకి కట్టాడు. బగ్గీకి జోడీ కావాలి, జోడీ అంటే ఒకే రంగు ఉండాలి. దాని తోబుట్టువే వస్తే నడక కూడా కలుస్తుందని సేటు ఆశ. ఈసారి పుట్టేదీ నీకేనని నాయన మాట ఇచ్చాడు. ఆ మాట కోసం మోతీని కోదాడ పటేలు గుర్రం బాద్షా దగ్గరికి పంపాడు. బాద్షా కూడా కుమైతే. రెండు కుమైతులకు కుమైత్ కాక ఇంకేం పుడుతుందని అందరి ధీమా.

మామూలుగా అయితే నాయన కూడా వెంట వెళ్లేవాడు. అది రజాకార్ల కాలం. కోదాడ బాట మీద హిందువులు ఒంటరిగా పోవడానికి జంకేవాళ్లు. "నేను సాయిబును, నన్నెవలేమంటరు, నువ్వుండు బావా," అని మైబు మామ ఒక్కడే మోతీని నడిపించుకుపోయాడు. పోతూ ఒక రాత్రి మునగాలలో ఆగాడు, వస్తూ ఒక రాత్రి ఆగాడు. తిరిగొచ్చిన రోజు వంటింటి మెట్టు మీద కూర్చుని చెబుతుంటే నేను రాసుకున్నాను. దినం రాశాను. బాద్షా రంగు రాశాను. "బాద్షా తల్లిని గూడ సూసిన. ముసల్ది, ఆడనే కట్టేసిర్రు. అది సురంగ్," అన్నాడు. అదీ రాశాను. మోతీ తల్లి సురంగ్ అని అంతకుముందే నాయన చెప్పగా రాసి ఉంది. రెండు గళ్లలో ఒకే మాట పడిందని ముచ్చటపడ్డానే తప్ప దానికొక అర్థం ఉందని నాకు తెలియదు. ఎవరు చూశారు అన్న గడిలో మైబు మామ అని ఒక్క పేరే రాశాను. పుట్టబోయే పిల్లకు వేరే వరుస, అది పుట్టాక రాయాలి.

మోతీ చూలు కట్టినప్పటి నుంచి ఈనేదాకా పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లో లోకం తిరగబడింది. రజాకార్లు పోయి మిలిటరీ లారీలు వచ్చాయి. ఇదివరకు బాట మీద తిరగగలిగిన మనిషి ఇప్పుడు తిరగలేకపోయాడు. కొన్ని దినాలు మైబు మామను, అతని భార్యను, జానీని నాయన మా తబేలా అటుక మీద గడ్డిలో దాచిపెట్టాడు. సాయిబులను వెతుకుతూ ఎవరో వచ్చి వాకిట్లో అడిగితే, "నా ఇంట్ల ఎవలు లేరు, నా మాట మీద నమ్మకం లేకుంటే లోపలికొచ్చి సూడుండ్రి," అన్నాడు. వాళ్లు లోపలికి రాలేదు. నాయన మాటకు ఊళ్లో అంత విలువ ఉండేది. ఈ సంగతి మరిచిపోతే తరువాతిది అర్థం కాదు.

మాఘమాసంలో మోతీ ఆడపిల్లను ఈనింది. ఒళ్లంతా లేత రాగిరంగు. నాయన మొహం మాడిపోయింది. "పాలవెంట్రుక రాలనీ బావా, కుమైత్ పిల్లలకు పుట్టినప్పుడు కాళ్లు తెల్లగనే ఉంటయ్," అన్నాడు మైబు మామ. కానీ జూలు చూసి అతనూ లోలోపల సంశయపడ్డాడని ఇప్పుడు అనుకుంటాను. నాలుగు నెలలు కనిపెట్టుకుని ఉన్నాం. నేను రోజూ పంతులుగారింట్లో చదువుకుని రాగానే దాని మోకాళ్లు చూసేదాన్ని, ఎక్కడైనా నల్లవెంట్రుక మొలిచిందేమోనని. ఎండలు ముదిరాక పాలవెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయాయి. కింద నుంచి తోమిన బిందెలాగా మెరిసే రాగిరంగు వచ్చింది. జూలు కూడా అదే రంగు. నేను రాగి అని పేరు పెట్టాను. అంత అందమైన గుర్రంపిల్లను మళ్లీ చూడలేదు. దాన్ని చూసి ఇంట్లో ఒక్కరూ సంతోషించలేదు.

కబురందుకుని సేటు గుమాస్తాను పంపాడు. కోదాడ పటేలు కూడా వచ్చాడు, ఎందుకంటే ఊళ్లో మాట అతని గుర్రం మీదికీ పోతున్నది. వాకిట్లో మంచాలు వేశారు. మైబు మామ మంచం మీద కూర్చోలేదు, గోడకానుకుని నిలబడ్డాడు.

"మా బాద్షాకి పుట్టినవన్నీ కుమైతులే లింగం," అన్నాడు పటేలు. "ఒక్కటైనా ఇట్లాంటిది పుట్టిందేమో కోదాడంతా అడిగి చూడు. మా దగ్గర కట్టించిన మాట నిజమే, కాదనను. ఆ తరువాత దారిలో ఏం జరిగిందో మాకేం తెలుసు."

మునగాల జట్కాల అడ్డాలో ఒక సురంగ్ మగగుర్రం ఉండేదట. ఆ మాట గుమాస్తా అన్నాడు. మోతీని అక్కడ కట్టేసి మైబు నిద్రపోయి ఉంటాడని, అది పలుపు తెంపుకుని ఉంటుందని.

"నేను నిద్రపోలే," అన్నాడు మైబు మామ. "పలుపు నా చేతికి సుట్టుకుని కూసున్న. రెండు రాత్రులు. ఇది బాద్షా పిల్లనే. అవ్వల రంగు దిగింది. మోతీ తల్లి సురంగ్, బాద్షా తల్లి సురంగ్."

గుమాస్తా నవ్వాడు. "అవ్వ రంగు మనుమరాలి మీదికి దుంకిందా? నడుమ అమ్మనాయినలు ఏం జేసిర్రు, పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిర్రా?"

పటేలు కూడా నవ్వి, "మా బాద్షా తల్లి సురంగ్ అని నీకెవరు చెప్పారయ్యా? అది మొన్న ఎండల్లో చచ్చిపోయింది. కుమైతే అది," అన్నాడు.

అప్పుడు నాయన నన్ను పిలిచాడు. నోటుబుక్కు తెమ్మన్నాడు. నేను గడప దాటి వాకిట్లో నిలబడ్డాను. ఆ పుట నా చేతిలోనే తెరిచి ఉంది. బాద్షా తల్లి, సురంగ్. పిల్ల పుట్టడానికి పదకొండు నెలల ముందు, అబద్ధమాడాల్సిన అవసరం ఎవరికీ లేనప్పుడు రాసిన మాట. నాయన అది అడగలేదు. "కోదాడల కట్టించింది, తిరిగొచ్చింది, నువ్వు రాసినవ్ గద. నువ్వు సూసినవా?" అని అడిగాడు.

"సూడలే. మామ సెప్తే రాసిన," అన్నాను.

అది నిజం. ఒక్క అక్షరం అబద్ధం లేదు. పటేలు చేతులు చాపి అందరివైపు చూశాడు, ఇంకేముంది అన్నట్టు. మైబు మామ నా వైపు చూసి, నేను పాఠం సరిగ్గా అప్పజెప్పినట్టు మెల్లగా తలూపాడు. ఆ తలూపడం మీద కోపం వచ్చి ఎన్ని రాత్రులు నిద్రపోలేదో లెక్క లేదు. అతను తిట్టి ఉంటే బాగుండేది.

నాయన చెడ్డవాడు కాదు. ఆయన కోరింది చాలా చిన్నది. లేచి మైబు మామ దగ్గరికి వెళ్లి, అందరూ వినేలాగే, "ఒక్కసారి కునుకు పట్టిందను. తప్పయిందను. ఖతం. ఎవలేమనరు, రేపు ఎప్పటి లెక్కనే పనికి రా," అన్నాడు. ఆ ఒక్క మాటతో మోతీకి మచ్చ ఉండదు, బాద్షాకు మచ్చ ఉండదు, నాయన ఇచ్చిన మాట ఎందుకు తప్పిందో సేటుకు అర్థమవుతుంది. ఇంతమంది పరువు ఒక చిన్న అబద్ధంతో నిలబడుతుంది.

"కాని తప్పును అయిందని ఎట్లంట బావా?"

"నిన్ను అటుక మీద దాసిన్నాడు నా మాట మీదనే నిలబడ్డవ్ మైబు. గిప్పుడు నా మాట జర నిలబెట్టు."

మైబు మామ తబేలా వైపు తిరిగాడు. తబేలాలో రాగి తల్లి పొదుగును కుమ్ముతున్న చప్పుడు వినబడుతున్నది. "పాణం నిలబెట్టినవ్. కాదంటనా," అన్నాడు. "గని మోతీని నేను ఇడిసిపెట్టలే."

"అయితే రేపటి నుంచి రాకు," అన్నాడు నాయన. గొంతు పెంచలేదు.

నేను లోపలికి వచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నోటుబుక్కు నా చేతిలో నుంచి తీసుకుని, చదవడం రాకపోయినా దాన్ని ఒకసారి చూసి, పక్కన పెట్టింది. "నేను ఎర్రగున్న. మీ నాయిన ఎర్రగుంటడు. నువ్వు మీ నాయినమ్మ లెక్క నల్లగ పుట్టినవ్. నన్నెవడన్న వాకిట్ల నిలబెట్టి అడిగిండా?" అంది. పొయ్యితో చెప్పినట్టుగా చెప్పింది. ఆ మాట వాకిట్లోకి పోయి చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. అమ్మ పోలేదు. నా చేతిలో రాత ఉంది, నేనూ పోలేదు.

తరువాత నేను హైదరాబాదులో చదువుకున్నాను. ఒక మధ్యాహ్నం క్లాసులో మేడం నల్లబల్ల మీద బఠాణీల గళ్లు గీసి, ఒక తరంలో దాగిన గుణం మరో తరంలో ఎలా బయటపడుతుందో చెబుతున్నది. పొడుగు, పొట్టి అని ఆమె రాస్తుంటే నేను కుమైత్, సురంగ్ అని రాసుకుంటున్నాను. లైబ్రరీలో పశువుల పెంపకం పుస్తకం వెతికి గుర్రాల రంగుల అధ్యాయం చదివాను. కుమైత్ గుర్రంలో సురంగ్ రంగు కనబడకుండా దాగి ఉండవచ్చు. తల్లి సురంగ్ అయితే దాగి ఉండక తప్పదు. అలాంటి రెండు కుమైతులు కలిస్తే ప్రతి ఈతకూ నాలుగింట ఒక పాలు సురంగ్ పుట్టే వీలుంది. పటేలు గుర్రానికి పుట్టినవన్నీ కుమైతులే అన్న మాట కూడా, దాని తల్లి సురంగే అయితే, నిజమవడం కష్టమే. ఈ లెక్క మైబు మామ నిజం చెప్పాడని రుజువు చేయదు. రంగు చూసి అతన్ని తప్పుపట్టడానికి వీల్లేదని మాత్రమే రుజువు చేస్తుంది. మిగిలిన కొంచెం దూరం మనిషి మీద నమ్మకంతో నడవాలి. ఆ కొంచెం దూరమే మేము నడవలేదు.

సెలవుల్లో వచ్చి ఇదంతా నాయనకు చెప్పాను. అప్పటికి జట్కాలు పోయి ఇంటి ముందు బస్సులు తిరుగుతున్నాయి. "నాలుగింట ఒకటా?" అని అడిగాడు. ఔనన్నాను. "ఒక్క మాటంటే అయిపోతుండె. అనకపాయె," అన్నాడు. కొంచెం ఆగి, "మైబు పోయి రెండేండ్లయింది. మట్టికి పోయొచ్చిన. మీ అమ్మకు గూడ చెప్పలే," అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు. మళ్లీ ఆ సంగతి మా మధ్య రాలేదు.

ఇదంతా జానీకి చెప్పాను. నోటుబుక్కు తెచ్చి ఆ గళ్లు చూపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. నా వేలు పెట్టిన చోట తన వేలు పెట్టింది. మిర్యాలగూడలో వాళ్ల నాన్న పరాయివాళ్ల జట్కా తోలాడట. సొంతంగా ఒక్క గుర్రాన్నీ సాకలేదట. అక్కడి వాళ్లు నిద్రమొహం మైబు అని పిలిచేవాళ్లట. నవ్వులాటకే మొదలై అదే పేరైపోయింది. "కాలేజీల చదివినప్పుడే నీకు తెలిసెనా?" అంది. ఔనన్నాను. "మమ్మల్ని దేవులాడలేకపోతివా అక్కా, మిర్యాలగూడ ఎంత దూరం?" అంది.  మొహం చెల్లలేదు అన్నాను. ఆమె నోటుబుక్కు నా ఒళ్లో పెట్టి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది. రాగి వరుసలో తండ్రి పేరు గడి అప్పటిదాకా ఖాళీగానే ఉంది. ఆ సాయంత్రం ఇంకుపెన్నుతో రాశాను: బాద్షా, కుమైత్. చూసినవారు: మైబు మామ.

ఆ ఆదివారం మర్నాడు తెల్లారి ఏం జరిగిందో మాత్రం మిగిలింది. రావద్దన్నా అతను వచ్చాడు. నేను లేచేసరికి తబేలా ఊడ్చి ఉంది, తొట్టి నిండా నీళ్లున్నాయి, మోతీ ఒళ్లు నిగనిగలాడుతున్నది. బయటిగోడ గూట్లో గ్లాసు కడిగి బోర్లించి ఉంది. అమ్మ చాయ్ పోయలేదు, అతను అడగలేదు. నాయన లోపల మేలుకునే ఉన్నాడు, దగ్గు వినబడింది. మైబు మామ మెట్టు దగ్గరికి వచ్చి నన్ను అడిగాడు.

"నీ కితాబుల పిల్లకు తండ్రెవలని రాసినవ్?"

"రాయలే."

"రాయి బిడ్డా. నువ్వు సూడలే, నువ్వన్నది నిజమే. నేను సూసిన. మైబు సూసిండని రాయి."

నోటుబుక్కు నా ఒళ్లోనే ఉంది. పెన్సిల్ కూడా ఉంది. లోపల నాయన మళ్లీ దగ్గాడు. నేను బుక్కు మూసేశాను. అతను చూశాడు. గుడ్డమూట భుజాన వేసుకుని బాట పట్టాడు. రాగిని అప్పుడు వదులుగానే ఉంచేవాళ్లం. అది అతని వెంట నడిచింది. అతను తిరిగొచ్చి దాన్ని తబేలా దగ్గర వదిలి వెళ్లాడు. అది మళ్లీ వెంటపడింది. రెండోసారి తెచ్చి, మెడకు పలుపు వేసి, కొస నా చేతికి చుట్టాడు.

"గట్టిగ పట్టుకో. నేను మూల తిరిగేదాక ఇడువకు," అన్నాడు.

అది గుంజింది. నా అరచెయ్యి ఒరుసుకుపోయింది. అతను మూల తిరిగాడు. నేను వదల్లేదు.